కెజియా చెప్పే ఆమెన్

సహోదరులారా, సహోదరీలారా, దిల్‌సుఖ్‌నగర్‌లో చీరల దుకాణంలో పనిచేసే నేను ఎన్ని మాటలు చెప్పి చీరలు అమ్ముతానో మీకు తెలుసు, కానీ పోయిన ఏడాది మా చిన్నది కెజియా గొంతు రోజురోజుకూ సన్నగిల్లుతుంటే నాకు కన్నీళ్లు తప్ప మాట రాలేదు.

మా ఇంట్లో అన్నానికి ముందు ప్రార్థన చేస్తే చివర ఆమెన్ చెప్పేది అందరికంటే చిన్నవాళ్లే, అది వినబడేదాకా ఎవరూ కంచంలో చెయ్యి పెట్టరు. కెజియా ఆమెన్ అంటే పక్కింటివాళ్లకూ వినబడేది. అలాంటి పిల్ల గొంతు బొంగురుపోతే, ఉపవాస ప్రార్థనల్లో గట్టిగా పాడి పాడి పోగొట్టుకుందని సంఘమంతా మురిసిపోయింది, మా అత్తమ్మ అయితే "దేవుని పనిల పోయిన గొంతు, ఆయననే ఇస్తడు తియ్" అని మిరియాల పాలు పట్టింది. మేమూ అలాగే నమ్మాం. తర్వాత పిల్ల నిద్రలో ఊపిరి తీస్తుంటే ఈల వేసినట్టు శబ్దం మొదలైంది, డొక్కలు ఎగరేస్తుంటే నా పైప్రాణాలు పైనే పోయాయి, ఎత్తుకుని ఎల్.బి.నగర్‌లో గొంతు డాక్టరమ్మ దగ్గరికి పరుగెత్తాం.

ఆమె సన్నని గొట్టంతో లోపల చూసి, మాట పుట్టే చోట పులిపిర్ల వంటి గడ్డలు గుత్తిగా పెరిగాయని, క్యాన్సర్ కాదు గానీ ఊపిరికి అడ్డం పడుతున్నాయని, బయట కోత లేకుండా నోటి ద్వారానే తీస్తామని, మళ్లీ పెరిగితే మళ్లీ తీయాలని చెప్పింది. "పాటలకు పోయిందనుకుంటిమి గదనే" అని అత్తమ్మ కూలబడింది.

ఆపరేషన్ గది బయట నేను చేసిన ప్రార్థన ఒక్కటే. "ప్రభువా, పాట లేకున్నా మంచిదే, మాట లేకున్నా మంచిదే, నా బిడ్డకు ఊపిరుంటె సాలు తండ్రీ." ఆయన ఆ డాక్టరమ్మ చేతులను వాడుకున్నాడు! ఆపరేషన్ అయ్యాక నా బిడ్డ చప్పుడు లేకుండా ఊపిరి తీస్తుంటే పక్కనే కూర్చుని కడుపునిండా ఏడ్చాను.

ఇంటికి వచ్చాక కొన్నాళ్లు మాట్లాడించవద్దన్నారు. వచ్చిన పూట అన్నం ముందు ప్రార్థన అయింది, అలవాటు కొద్దీ అందరం ఆమెన్ కోసం ఆగాం. కెజియా నవ్వి తన స్టీలు గ్లాసును కంచానికి టంగున తాకించింది. అప్పుడు అన్నం తిన్నాం.

గడ్డలు మళ్లీ వచ్చాయి, మళ్లీ తీశారు. ఇప్పుడు లేవు, చూపించుకుంటూనే ఉన్నాం, ఇక రావని డాక్టరమ్మ మాట ఇవ్వలేదు, అయినా మా ఇల్లు సంతోషంగానే ఉంది, దేవునికే మహిమ! మీ పిల్లల గొంతు వారాల తరబడి బొంగురుగా ఉంటే ప్రార్థనా చేయండి, డాక్టరుకూ చూపించండి, దేవుడు రెండు చోట్లా ఉన్నాడని నమ్మండి.

ఇప్పుడు అందరం తలలు వంచుదాం. ప్రార్థన నేను చేస్తాను, ఆమెన్ మాత్రం మా కెజియా చెబుతుంది, ఇంకా కొంచెం బొంగురుగానే ఉంటుంది, కాస్త చెవి పెట్టి వినండి.