తీసేసిన నాలుగు లైన్లు

మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

నలభై ఏళ్లకు పైగా ఒక మాటను కడుపులో దాచుకొని బతికాను. అన్నం ముందు కూర్చున్న ప్రతిసారీ అది గొంతులోకి వచ్చేది. జొన్న సంగటి నేను తినను. అరగదని ఇంట్లో చెప్పాను. నా భార్య పోయేదాకా అదే నిజమనుకుంది. అరగనిది సంగటి కాదు.

ఇప్పుడెందుకు చెబుతున్నాను? నంద్యాల కుర్రవాళ్లు కొందరు నేను రాసిన పాత వ్యాసాలన్నీ వెతికి తెచ్చారు. పుస్తకం వేస్తారట. ఈ ప్రాంతంలో సైన్సును తెలుగులో, మామూలు జనానికి అర్థమయ్యేటట్టు చెప్పిన తొలి మనిషిని నేనట. ముందుమాట రాసిమ్మన్నారు. వారం రోజులు కూర్చున్నాను. ముందుమాట రాలేదు, ఇది వచ్చింది. దీని కింద నా పేరు పెట్టే ధైర్యం మాత్రం రాలేదు. అది కూడా పిరికితనమేనని నాకు తెలుసు.

డెబ్బైల చివరి మాట. నేను నంద్యాలలో హైస్కూలు సైన్సు మాస్టర్ని. ఊళ్లో ఒక వారపత్రిక వచ్చేది. మూడో పేజీలో కింద ఒక కాలమ్ నాది. ఉరుము ముందా మెరుపు ముందా, మహానంది ఊట నీళ్లు చలికాలంలో వెచ్చగా ఎందుకు తోస్తాయి, పాముకు చెవులున్నాయా, ఇలాంటివి రాసేవాణ్ణి. కార్డు ముక్కల మీద జనం ప్రశ్నలు పంపేవాళ్లు. పాములపాడు నుంచి ఒకాయన నెలకు రెండు కార్డులు రాసేవాడు. ఆ రోజుల్లో సైన్సును తెలుగులో రాయడమంటే, ఒక్కొక్క మాట కోసం ఇంగ్లీషు పుస్తకం పక్కన నిఘంటువు పెట్టుకొని తన్నుకోవడమే. దొరికిన మాట కాస్త గంభీరంగా ఉంటే నాకు పండగ. నా తెలుగు బాగుంటుందని నలుగురూ అనేవాళ్లు. ఆ నలుగురి మాట నా తలకెక్కింది.

ఒక వారం విత్తనాల గురించి రాశాను. తెగులు రాకుండా విత్తే ముందు గింజలకు పొడి పట్టిస్తారు గదా, దాని గురించి. రైతులు దాన్ని మందు అంటారు. నాకా మాట నచ్చలేదు. జ్వరానికీ మందే, పురుగుకూ మందే, సారాకూ మందేనా అని విసుక్కున్నాను. పుస్తకాల్లో శుద్ధి అని ఉంది. అదే వాడాను. "శుద్ధి చేసిన గింజకు ఏ దోషమూ అంటదు" అని రాసి, రెండుసార్లు చదువుకొని మురిసిపోయాను.

జనం మాటలో ఒక భయం ఉందని నాకెందుకు తట్టలేదు? మందు తాగి చచ్చిపోయినాడు అంటే మా సీమలో చిన్నపిల్లకు కూడా అర్థమవుతుంది. శుద్ధి అన్న మాటలో ఆ భయం ఎక్కడుంది? ఆ మాట అందరూ వాడుతున్నదే, తప్పు మాటది కాదు. దాని పక్కన హెచ్చరిక ఉండాలి. నేను రాశాను కూడా. చివర్లో నాలుగు లైన్లు.

ప్రెస్సులో అక్షరాలు కూర్చేది మస్తానన్న. నాకంటే పదేళ్లు పెద్ద. సీసం అక్షరాలు ఒక్కొక్కటే ఏరి, వరుస పేర్చి, నా వ్యాసం మొత్తం కట్టేశాక నన్ను పిలిచాడు. నాలుగు లైన్లు ఎక్కువైనాయి, యాడ తీసేయమంటావ్ సార్ అన్నాడు. వ్యాసం మొదట్లో నేను సరదాగా రాసుకున్న నాలుగు లైన్లున్నాయి. విత్తు ముందా చెట్టు ముందా అని పెద్దలు తేల్చలేకపోయారు గాని నన్నడిగితే ఒక్క నిమిషంలో తేల్చేస్తాను అంటూ. అవి పోతే వ్యాసానికి ముఖమే లేదనిపించింది. కింది నాలుగు లైన్ల మీద వేలు పెట్టాను. మస్తానన్న వాటిని ఒకసారి చదివాడు. "ఇది పనికొచ్చే మాట గద సార్, పైది తీసేద్దాం" అన్నాడు. "విత్తనాలు ఎవరు తింటారయ్యా?" అని నవ్వాను. ఆయన నవ్వలేదు. ఆ నాలుగు లైన్లు విప్పి, ఏ అక్షరం గూట్లో ఆ అక్షరం వేసేశాడు.

విత్తనాలు ఎవరు తింటారు? నెల నెలా జీతం తీసుకునే వాడు అడిగిన ప్రశ్న అది. ఆకలైన వాడు అడగడు.

రెండు నెలల తర్వాత ఒక మధ్యాహ్నం, ప్రెస్సుకు ఒక తల్లీ కూతురూ వచ్చారు. దొర్నిపాడు దగ్గరి పల్లె. ఆళ్లగడ్డ దాకా నడిచి, అక్కడ బస్సెక్కి వచ్చారట. తల్లి పేరు రూతమ్మ. కూలి పని, కొంచెం కౌలు సేద్యం. కూతురు ఎస్తేరు, పన్నెండేళ్లుంటాయి, ఏడో తరగతి. వాళ్ల చర్చి బడిలో పంతులు ప్రతి వారం నా కాలమ్‌ను ఆ పిల్లతో పైకి చదివించేవాడట. బడిలో అందరికంటే బాగా చదివేది ఆ పిల్లేనట. రూతమ్మ నిలబడే అంతా చెప్పింది, కూర్చోమన్నా కూర్చోలేదు.

ఆ యేడు వానలు పట్టి కూలి లేకుండా పోయింది. ఇంట్లో గింజ అయిపోయింది. విత్తగా మిగిలిన జొన్నలు మూటలో ఉన్నాయి. పెద్ద రైతు దగ్గర తెచ్చుకున్న విత్తనాలు, ఎర్రగా పొడి అంటి ఉన్నాయి. ఆయన ఇచ్చేటప్పుడు శుద్ధి చేసినవి అన్నాడు. ఆ ఎర్రరంగు చూసి రూతమ్మ అనుమానపడింది. ఎస్తేరు దాచుకున్న పేపరు ముక్క తీసి చదివింది. మళ్లీ చదవమంటే మళ్లీ చదివింది. అప్పటికీ రూతమ్మ రంగు పోయేదాకా కడిగి, ఎండబెట్టి, తిరగలిలో విసిరి, సంగటి చేసింది. ఇంటిల్లిపాదీ కొన్నాళ్లు తిన్నారు. తర్వాత చేతులు వణకడం మొదలైంది. మాటలు తడబడ్డాయి. పెద్దవాళ్లు ఎట్లాగో తేరుకున్నారు. నాలుగేళ్ల చిన్నకూతురు సలోమి మాత్రం లేవలేదు.

ఆమె నన్ను నిలదీయడానికి వచ్చిందనుకున్నాను. ఆమె అందుకు రాలేదు.

"అదొక్కటి చెప్పండి సార్," అంది. "ఈ పాప తప్పు చదివిందా? ఇంటికాడ అందరూ దీన్నే అంటాండారు. దీని నాయన దీనితో మాట్లాడక నెలాయ. మీరు రాసినోళ్లు, మీకు తెలుస్తాది."

ఆ పిల్ల పేపరు ముక్క నా ముందు పెట్టింది. వేలు పెట్టి చూపించింది. "ఈడ శుద్ధి అని ఉండాది గదా సార్. దోషం లేదని గూడా ఉండాది."

నేను చదివాను. నాలుగు లైన్లు ఉండాల్సిన చోట ఒక వక్కపొడి ప్రకటన ఉంది. వెనక మస్తానన్న అక్షరాలు ఏరుతున్న చప్పుడు ఆగిపోయింది.

ఒక్క మాట చాలు. లేదమ్మా, నీ కూతురు సరిగ్గా చదివింది, తప్పు నాది. ఎంతసేపు పడుతుంది ఆ మాట అనడానికి? నా ఉద్యోగం పోతుందనుకున్నానా? పోలీసులొస్తారనుకున్నానా? ఇన్నేళ్లుగా తవ్వుకుంటే నాకు దొరికింది అంతకంటే నీచమైన కారణం. మంచి తెలుగు రాస్తాడన్న పేరు పోతుందేమోనని భయపడ్డాను. అంతే.

"నువ్వు సరిగ్గా చదవలేదు పాపా," అన్నాను. "శుద్ధి అంటే కడగడం కాదు. తెలియకపోతే పెద్దవాళ్లను అడగాలి."

ఆ పిల్ల నా మొహంలోకి చూసింది. తర్వాత తల దించుకుంది. రూతమ్మ దాని భుజం మీద చెయ్యి వేసి, "విన్నావా? సరే పా, పోదాం," అంది. కోపంగా కాదు. మెల్లగా అంది. వెళ్తూ నాకు దండం పెట్టింది. పేపరు ముక్క బల్ల మీదే ఉండిపోయింది. ఉండిపోయిందని రాశాను గాని, దాని మీద చెయ్యి పెట్టి ఉంచింది నేనే.

మస్తానన్న మళ్లీ అక్షరాలు ఏరడం మొదలుపెట్టాడు. ఆ రోజు నుంచి నా వ్యాసం ఎక్కువైతే నన్ను పిలవడం మానేశాడు.

ఇంతటితో ఆగినా కొంత నయం. ఆ తర్వాతి వారమే "సగం చదువు" అని వ్యాసం రాశాను. ఊరూ పేరూ లేకుండా, ఒక పల్లెలో అరకొర చదువు ఒక పసిదాని ప్రాణం తీసిందని, అజ్ఞానం కంటే సగం జ్ఞానం ప్రమాదమని. అక్షరం నేర్పాల్సినవాణ్ణి, అక్షరం నేర్చుకున్న పిల్ల మీదికే తప్పు తోశాను. కంచె చేను మేసిందంటే ఇదే. ఆ వ్యాసానికి వచ్చినన్ని కార్డులు నాకు మళ్లీ ఎప్పుడూ రాలేదు. కుర్రవాళ్లు పుస్తకంలో మొదట పెడతామంటున్నది దాన్నే.

ఎనభైలలో తోకచుక్క వచ్చిన యేడు, దాని గురించి చెప్పమని ఆళ్లగడ్డలో ఒక బడివాళ్లు పిలిచారు. బొమ్మలు చూపించి, తోకచుక్కకు కరువుకు సంబంధం లేదని చెప్పి, చప్పట్లు కొట్టించుకొని వస్తున్నాను. తలనొప్పిగా ఉందని బిళ్ల కోసం మందుల షాపు దగ్గర ఆగాను. పక్కన ఒక పడుచు నిలబడి ఉంది, చంకలో పాప. చేతిలో సీసా. దాని మీద కాంపౌండరు తెలుగులో రాసి అంటించిన చీటీ ఉంది.

"ఇది కొంచెం చదివి చెప్పన్నా," అంది షాపతనితో. "నేను చదివితే తప్పు పోతాది."

అతను నవ్వాడు. "ఏందీ ఎస్తేరూ, ఏడో తరగతి దాకా చదివినావంట, మీ అమ్మ చెప్తాది. సీసా మీద చీటీ చదవలేవా?" అని నా వైపు తిరిగి, "దొర్నిపాడు దిక్కు సార్, వచ్చినప్పుడల్లా ఇదే పాట," అన్నాడు. చేతిలో పనుండి సీసా నాకిచ్చాడు.

చదివాను. "పూటకు అర మూత. అన్నం తిన్నాక." ఆమె పెదవులు నాతో పాటే కదిలాయి. నాకంటే ఒక మాట ముందే కదిలాయి. చదవగలదు. తన చదువును తాను నమ్మలేదు, అంతే. ఆమె నన్ను గుర్తుపట్టలేదు. మంచిది సార్ అని సీసా తీసుకొని వెళ్లిపోయింది. నేను అక్కడే నిలబడ్డాను. పిలవచ్చు. పది అడుగుల దూరంలో ఉంది. ఎస్తేరూ అంటే చాలు. బిళ్ల వేసుకొని బస్సెక్కాను.

రెండుసార్లు అవకాశం వచ్చింది, రెండుసార్లూ నిజం చెప్పలేదు. మొదటిసారి భయమని సర్దిచెప్పుకోవచ్చు. రెండోసారి ఏమిటి? అలవాటు. అబద్ధం కూడా అలవాటైతే ఇంట్లో మనిషిలాగే ఉంటుంది, వెళ్లమని ఎవరంటారు?

మొన్న దొర్నిపాడుకు మనిషిని పంపి అడిగించాను. రూతమ్మ పోయిందట. ఎస్తేరు ఎక్కడుందో ఎవరికీ తెలియదు. కోయిలకుంట్ల అన్నారు ఒకరు, బళ్లారి అన్నారు ఒకరు. కనబడితే కాళ్ల మీద పడేవాణ్ణా? ఏమో. నా మీద నాకంత నమ్మకం లేదు. ఆమె మన్నించాలని కూడా నేను అడగడం లేదు. సలోమి తరఫున మన్నించే హక్కు ఎవరికుంది?

పుస్తకం వేయవద్దని కుర్రవాళ్లకు చెప్పాను. వేసేటట్టయితే ఇది కూడా వేయమన్నాను, అప్పుడు నా పేరు దాచినా దాగదు. ఆ రోజు నేను మస్తానన్నతో తీయించిన నాలుగు లైన్లు నాకు ఇప్పటికీ నోటికి వచ్చు. వాటిని వాటి చోట పెట్టి, కలం కింద పెడుతున్నాను.

విత్తనాలు మిగిలితే వండుకోకండి.
వాటికి పట్టించింది విషం, ఎంత కడిగినా పోదు.
కోళ్లకు కూడా వేయకండి.
గుంట తీసి పూడ్చేయండి.

ఇవి పేపర్లో లేవు. ఉన్నదాన్ని ఎస్తేరు సరిగ్గానే చదివింది.