మా ఆయన మెడ తిరగదు

మా ఆయన మెడ తిరగదన్న సంగతి బీదర్‌లో చాలా ఏళ్లు డాక్టర్‌కూ నాకూ తప్ప ఎవరికీ తెలియదు. ఆఫీసులో ఎవరైనా పక్క నుంచి పిలిస్తే కుర్చీతో సహా తిరుగుతారు. అందరూ దాన్ని మర్యాద అనుకునేవారు. నలభై నాలుగేళ్ల మనిషి, విత్తనాల కంపెనీలో పొద్దస్తమానం కంప్యూటర్ ముందు కూర్చుని మెడ పట్టేయించుకున్నారు. ఎముకలు అరిగాయని చెప్పి డాక్టర్ వ్యాయామాలు నేర్పించాడు. ఈయన వాటిని డాక్టర్ ముందు మాత్రమే చేస్తారు.

కుర్చీలో కూర్చున్న మనిషికి మెడ తిరగకపోతే వచ్చే నష్టం పెద్దగా లేదు. స్కూటర్ మీద కూర్చున్న మనిషికి ఉంది. మేము జహీరాబాద్ నుంచి ఈ ఊరికి వచ్చిన కొత్తలో ఒకరోజు ఈయన కుడివైపు తిరగబోతూ అద్దంలో చూశారు, ఖాళీ అన్నారు, హ్యాండిల్ తిప్పారు. అద్దంలో లేని ఆటో మోచేతి పక్కనే ఉంది. ఆటో అతను బ్రేక్ తొక్కి, మా రెండు వంశాల గురించి దక్కనీ ఉర్దూలో కాసేపు మాట్లాడి వెళ్లాడు. చాలావరకు న్యాయంగానే మాట్లాడాడు. అద్దానికి అందని చోటు ఒకటి ఉంటుందని, అక్కడ ఏముందో తెలియాలంటే తల తిప్పి భుజం మీదుగా చూడక తప్పదని నాకు ఆ రోజు తెలిసింది. ఆ తల తిప్పే పని ఆ రోజు నుంచే నా మీద పడింది.

మొదట్లో చీర కట్టుకుని, కాళ్లు రెండూ ఒకవైపే వేసి కూర్చునేదాన్ని. అలా కూర్చుంటే ఎడమ పక్కన ఉన్నదంతా తీరిగ్గా కనిపిస్తుంది. ఏ కొట్లో ఏ రంగు బకెట్లు వచ్చాయో, ఎవరి ఇంటికి సున్నం వేశారో నాకు కంఠతా వచ్చేది. ప్రమాదం మాత్రం కుడి వెనక నుంచే వస్తుంది. వారం రోజులు నడుము మెలితిప్పి చూసేసరికి నా మెడ కూడా ఆయన మెడ దారి పట్టేటట్టు కనిపించింది. చీర మానేసి పంజాబీ డ్రెస్ వేసుకుని, రెండువైపులా కాళ్లేసి కూర్చోవడం మొదలుపెట్టాను. బీదర్ నీళ్లు పడగానే ఈమెకు ఫ్యాషన్ పట్టుకుందని కాలనీ ఆడవాళ్లు అన్నారు. అననివ్వండి అనుకున్నాను. నిజం చెబితే ఆయన గుట్టు బయటపడుతుంది కదా.

మా పద్ధతి ఇది. ముందు చూడటం ఆయన పని, వెనక చూడటం నా పని. నేను పాఠాలు చెప్పే చిన్న బడి ఆయన ఆఫీసు పక్క వీధిలోనే ఉండేది, అందుకని రోజూ వెళ్లడమూ రావడమూ కలిసే. మలుపు దగ్గర పడగానే ఆయన భుజం ఎగరేస్తారు. నేను వెనక్కి తిరిగి చూసి ‘ఆగు’ అనో ‘పో’ అనో చెబుతాను. ఇంట్లో ఆయన్ని మీరు అనే అంటాను. కానీ ‘ఆగుండ్రి’ అని పూర్తిగా అనేలోగా టెంపో వచ్చి మీద పడుతుంది. కాబట్టి స్కూటర్ మీద ఉన్నంతసేపు మర్యాదకు సెలవు. ఈ సౌకర్యాన్ని నేను అవసరానికి మించి వాడుకున్నానని ఒప్పుకుంటాను. రోడ్డు ఖాళీగా ఉన్న రోజుల్లో కూడా ఒకటి రెండుసార్లు ‘ఆగు’ అనేదాన్ని.

ఒక్కసారి మాత్రం ఈ పద్ధతి చెడింది. పక్కింటావిడ పంపిన జొన్నరొట్టె తిని, రొట్టె అంటే ఇలా ఉండాలి అన్నారాయన, నేను వింటుండగానే. ఆ పూట నుంచి మాటలు బంద్. మర్నాడు పొద్దున మూతి ముడుచుకునే స్కూటర్ ఎక్కాను. చౌరస్తా వచ్చింది, ఆయన భుజం ఎగరేశారు. వెనక్కి చూశాను. రోడ్డు ఖాళీ. అయినా నోరు విప్పలేదు. ఆయన బండి ఆపి కాలు కింద పెట్టారు. ఇండికేటర్ కొట్టుకుంటోంది. కాసేపటికి వెనక ఆటోలు చేరాయి, హారన్లు మొదలయ్యాయి, ఎవరో నిద్రపోతున్నావా అని అరిచారు. ఈయన నిటారుగా కూర్చునే ఉన్నారు. నేను చెప్పకుండా ఈ మనిషి సాయంత్రం దాకా అయినా కదలడని నాకు అర్థమైంది. నా కోపం పోయింది. అంత సులువుగా పోయినందుకు మళ్లీ కొంచెం కోపం వచ్చింది. ఆటోలన్నీ వెళ్లిపోయాక ‘పో’ అన్నాను.

మలుపు తిరిగాక, ఆ రొట్టె అంత గొప్పగా ఏమీ లేదని ముందు సీటులోంచి గొణిగారు. అది అబద్ధం. నేనూ తిన్నాను కదా.

ఇలా ఎనిమిదేళ్లు గడిచాయి. పోయిన ఏడు వేసవిలో భాల్కీలో ఒక పెద్ద హైస్కూల్లో నాకు సైన్సు టీచర్ ఉద్యోగం వచ్చింది. నేను చదివిన చదువుకు సరిపడే పని అన్నేళ్ల తర్వాత మొదటిసారి దొరికింది. బస్సులో గంట పైగా ప్రయాణం. సంగతి వినగానే ఆయన పేడాలు తెచ్చారు. ఇద్దరం తింటూ తింటూ ఒకేసారి ఆగిపోయాం. పదిహేను రోజుల తర్వాత వచ్చే సోమవారం నుంచి ఆయన వెనక సీటు ఖాళీ. కుడివైపు తిరిగేటప్పుడు ఆ మెడతో ఆయన ఒక్కరే ఉంటారు.

ఆటోలో వెళ్లమన్నాను. కుదుపులకు మెడ ఇంకా పోతుందన్నారు. ఆఫీసులో ఎవరినైనా తోడు రమ్మనండి అన్నాను. సంగతి నలుగురికీ తెలుస్తుందన్నారు. రెండు మూడు రోజులు ఆలోచించి చివరికి తానే ఒక ఉపాయం కనిపెట్టారు. కుడివైపు తిరగడమే మానేస్తారట. ఎడమకు, మళ్లీ ఎడమకు, ఇంకోసారి ఎడమకు తిరిగితే కుడికి తిరిగినట్టే కదా అన్నారు. కాగితం మీద బొమ్మ గీసి చూపించారు. బొమ్మలో బాగానే ఉంది. కానీ బీదర్ వీధులు ఆ కాగితాన్ని చూడలేదు. ఆ సాయంత్రం ఒక్కరే వెళ్లి ప్రయత్నిస్తే పావుగంట దారికి గంట పట్టింది. కోట గోడ పక్క నుంచి ఒకసారి, ఎయిర్‌ఫోర్స్ గేటు ముందు నుంచి రెండుసార్లు పోయారట. రెండోసారి కాపలా జవాను లేచి నిలబడ్డాడని చెప్పారు. నవ్వీ నవ్వీ నాకు కడుపు నొప్పి వచ్చింది. నవ్వు ఆగాక భయం వేసింది, ఎందుకంటే ఉపాయాలు అయిపోయాయి.

ఆదివారం పొద్దున కాలనీ చివర ఖాళీ రోడ్డు మీదకు ఆయన్ని తీసుకుపోయాను. మలుపుకు ముందు పక్కకు ఆపి, కిందికి దిగి, బండి పట్టుకుని ఒంటితో సహా వెనక్కి తిరిగి చూడమన్నాను. అన్నీ పోయాక బండి నడిపించుకుంటూ దాటమన్నాను. ఆయన కళ్లు తిప్పి అటూ ఇటూ చూశారు. ఒక మేక తప్ప ఎవరూ లేరు. అయినా దిగలేదు.

"పది మంది చూస్తరు," అన్నారు.

"చూడాల్సింది వాళ్లే. వాళ్లు మిమ్మల్ని చూస్తేనే కదా ఆగేది."

తాను ఇంకా అంత ముసలివాణ్ణి కాలేదన్నారు. అయితే ఉద్యోగం వద్దని రేపే ఫోన్ చేసి చెబుతాను అన్నాను. బెదిరింపు కాదు, నిజంగానే అన్నాను. ఆయన రోడ్డు మీద ఏమయ్యారో తెలియకుండా నేను భాల్కీలో ఏ పాఠం చెప్పగలను?

ఆయన ముఖం ఎర్రబడింది. "నా మెడ కోసం నీ నౌకరి ఇడుస్తవా?" అన్నారు. ఇంటికి వచ్చాక, మర్నాటికి నా బడి సంచి తానే సర్ది గుమ్మం దగ్గర పెట్టారు.

సోమవారం పొద్దున నన్ను బస్టాండ్‌లో దింపారు. సాయంత్రం అయిదున్నరకు వస్తానన్నారు. ఆఫీసు నుంచి బస్టాండ్‌లోకి రావాలంటే ఊళ్లో అన్నిటికంటే పెద్ద రోడ్డును కుడివైపుకు దాటాలి. నడిచి రండి అన్నాను. చూస్తానన్నారు. ఆయన చూస్తానంటే వినను అని అర్థం. బడిలో ఆ రోజు కాంతి పరావర్తనం చెప్పాను. అద్దం బొమ్మ గీస్తుంటే చాక్‌పీసు రెండుసార్లు విరిగింది. మధ్యాహ్నం ఫోన్ చేస్తే "మంచిగనే చేరిన" అని పెట్టేశారు. ఎలా చేరారో అడిగే వీలు ఇవ్వలేదు.

సాయంత్రం మా బస్సు బస్టాండ్ కంటే ముందే ఆగిపోయింది. ముందు ఆటోలు, కార్లు, చెరకు ట్రాక్టర్ ఒకటి, అన్నీ నిలబడి ఉన్నాయి. కండక్టర్ కన్నడంలో విసుక్కున్నాడు. డ్రైవర్ హారన్ మీద చెయ్యి పెట్టి తీయడం లేదు. యాక్సిడెంటేమో అని వెనక సీట్లో ఎవరో అన్నారు. ఆ మాటకు లేచి, కిటికీలోంచి భుజాల దాకా బయటకు వంగి చూశాను.

రోడ్డు నడుమ మా ఆయన నిలబడి ఉన్నారు. ఇస్త్రీ చొక్కా, మెడలో ఆఫీసు కార్డు. ఒక చేత్తో స్కూటర్ హ్యాండిల్ పట్టుకుని, ఇంకో చెయ్యి పైకెత్తి, ఒళ్లంతా వెనక్కి తిప్పి బీదర్ ట్రాఫిక్‌కు ఎదురుగా నిలబడ్డారు. ఒక్కో బండినీ కింది నుంచి పైదాకా చూసి, అది ఆగిందని నమ్మకం కుదిరాకే పక్కదాని వైపు చూస్తున్నారు. ట్రాక్టర్ దగ్గర చాలాసేపు ఆగారు. పక్కన ఆయన ఆఫీసు వాళ్లు ఇద్దరు బైకు మీద నోరు తెరుచుకుని చూస్తున్నారు. ఆయన వాళ్లను కూడా అలాగే పరిశీలించారు.

బస్సంతా నవ్వుతోంది. నా పక్కన కూర్చున్న పెద్దావిడ కూరగాయల సంచి ఒళ్లో సర్దుకుని, "ఎవలమ్మా ఆ మనిషి, నడి రోడ్డు మీద కొలువు పెట్టిండు?" అంది.

నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. అందరికీ వినబడేటట్టే చెప్పాను.

"మా ఆయనే అక్కా. మెడ తిరగదు. జర ఆగుండ్రి, మంచిగ చూసుకొని పోతడు."

ఆవిడ నన్ను చూసింది, ఆయన్ని చూసింది, ముందుకు వంగి డ్రైవర్‌కు కన్నడంలో ఏదో చెప్పింది. డ్రైవర్ హారన్ మీద నుంచి చెయ్యి తీసేశాడు.