పొగమంచులో రెండేసి దెబ్బలు

కొల్లేట్లో ఒంటరిగా ఈది అరకుంచెడు బియ్యం ఆదా చేసిన మొనగాణ్ణి ఏలూరు మొత్తంలో నేనొక్కణ్ణే. ఇంకొకడున్నా చెప్పుకోవడానికి మిగిలి ఉండడు.

దయ్యాల్ని నేనెప్పుడూ నమ్మలేదు. కిరాణా కొట్లో పెరిగినవాణ్ణి. తక్కెడలోకి రానిదాన్ని సరుకుగా ఒప్పుకోవడం మా ఇంటావంటా లేదు.

ఈత కూడా కొట్టు దయే. ఖాళీ కిరసనాయిలు డబ్బా నడుముకు కట్టుకుని ఏలూరు కాలవలో నేర్చుకున్నాను. పంతొమ్మిదివందల ముప్ఫైలలో కాలవ పందేల్లో రెండు వెండి కప్పులు గెలిచి, ఆ గర్వంతో కొల్లేటి పందేనికి పేరిచ్చాను. కాలవకైతే రెండు గట్లుంటాయి. కొల్లేట్లో ఎటు చూసినా నీళ్లూ, తుంగా.

అక్కడ ఈతగాడి ముందు ఒక తాటిదోనె నడవడం ఆనవాయితీ. మంచు కమ్మితే దోనెవాడు గెడకర్రతో దోనె అంచు మీద రెండు దెబ్బలు కొట్టి ఆగుతాడు, మళ్లీ రెండు. ఆ చప్పుడే దారి. కూలి కుంచెడు బియ్యం.

పందేనికి వారం ముందు, ఒడ్డు నుంచి లంక దాకా ఓసారి ఈది చూద్దామని దోనె నడిపే వెంకన్నను అడిగాను.

"సగం పుచ్చుకో వెంకన్నా. ఎలాగూ నీకంటే ముందే చేరతాను."

"నీళ్లలో మనిషికి బేరం కట్టమండీ. పూర్తిగా ఇవ్వండి, లేదా ఊరికే రమ్మనండి, వస్తాను. సగానికి మాత్రం రానండి."

ఊరికే వస్తానన్నాడంటే ఇందులో ఏదో మోసం ఉందనుకున్నాను. వద్దన్నాను.

మర్నాడు పొద్దున్నే ఒక్కణ్ణే దిగాను. సగం దూరం వెళ్లేసరికి మంచు కమ్మేసింది. నాచు కాళ్లకు చుట్టుకుంది. అరిస్తే నా గొంతు నాకే వినపడలేదు. చేతులు బరువెక్కి మునుగుతుంటే, సిగ్గు విడిచి చెబుతున్నాను, ఆ అరకుంచెడు బియ్యమే కళ్ల ముందు మెదిలింది.

అప్పుడు వినిపించింది. టక్ టక్. కాసేపు ఆగి, టక్ టక్.

ఆ చప్పుడు వెంటే ఈదాను. కాళ్లకు బురద తగిలింది. లంక చేరానన్న ధీమాతో తలెత్తితే, బయల్దేరిన ఒడ్డే. ఎదురుగా వెంకన్న గుడిసె, వాకిట్లో వెంకన్న.

"కూత వేస్తే సరిపోయేది కదయ్యా, కొట్టి కొట్టి చేతులు పడిపోయుంటాయి!" అన్నాను ఏడుస్తూ, నవ్వుతూ.

వెంకన్న తెల్లబోయాడు. "నేనెక్కడ వచ్చానండీ? మీరు వద్దన్నారని రాత్రే నీళ్లు కారకుండా దోనెకు కీలు పూసి బోర్లించాను."

"తెల్లారినప్పటి నుంచి నా ఎదురుగానే ఉన్నాడు బాబూ," అంది అతని భార్య నాగమ్మ. "ఈ మంచులో ఏ దోనె దిగుద్దండీ?"

వెళ్లి చూశాను. కీలు ఇంకా ఆరలేదు, నా వేలికి అంటింది. దాని మీద మరో చెయ్యి పడిన జాడ లేదు. గెడకర్ర చూరులో పొడిగా ఉంది.

ఆ సాయంత్రమే కుంచెడు బియ్యం తెచ్చిచ్చాను.

"రానివాడికి కూలేంటండీ?"

"పోనీ, సగమైనా పుచ్చుకో."

"సగానికి రానని చెప్పానా లేదా?"

జన్మలో మొదటిసారి ఇస్తానని బేరమాడి ఓడిపోతున్నాను. నాగమ్మ సంచి లాక్కుంది. "మీ బేరం తెగేలోపు ఎసరు ఇగిరిపోద్ది."

పందెంలో వెంకన్న దోనె వెనకాలే బుద్ధిగా ఈది అయిదోవాణ్ణయ్యాను. తర్వాత పందేలు మానేసి కొట్లో కూర్చున్నాను. దానికేమీ బాధ లేదు.

ఉన్నదున్నట్టు చెప్పాలంటే, నాకైన ఖర్చు కుంచెడు బియ్యం, గెలుస్తాననుకున్న ఒక కప్పు. దక్కింది ప్రాణం. ఆ దెబ్బలు కొట్టినవారికి మాత్రం ఇప్పటిదాకా ఏమీ ముట్టలేదు. ఎవరికివ్వాలో తెలిస్తే బేరం ఆడను.