అత్తయ్య ఊడ్చేసిన ఫైళ్లు

ఈ ఉదయం నా కంప్యూటరు డిస్కు నిండిపోయిందని మొరాయించింది. వెతికితే, ఏదో ప్రోగ్రాం పదే పదే కుప్పకూలి, కూలిన ప్రతిసారీ ఒక క్రాష్ డంపు వదిలిపెట్టింది. ప్రాణం పోయే క్షణంలో ప్రోగ్రాం మెమరీలో ఏముందో అంతా దాచి ఉంచే ఫైలన్నమాట. పాతవి తుడిచేసి, కొత్తదాన్ని విప్పి చూద్దామని కూర్చున్నానో లేదో, శామీర్‌పేట వైపు మా అత్తయ్య నడిపిన హేచరీ గుర్తొచ్చి పని కాస్తా పక్కన పడింది.

అత్తయ్య అంటే మా ఆవిడ తల్లి. మాది గోదావరి వైపు, వాళ్లది ఆ వైపే ఉన్న గౌడవెల్లి. పెళ్లయిన కొత్తలో అత్తయ్య మాట నాకు సగమే అర్థమయ్యేది, ఆవిడ వడ్డించే కారం మాత్రం పూర్తిగా అర్థమయ్యేది. హేచరీలో కోడిగుడ్లు పొదిగించే పెద్ద పెద్ద పెట్టెలు, వాటి వేడి చూసుకునే ఒక లినక్స్ కంప్యూటరు, షెడ్డంతా ఫినాయిలు వాసన. శుభ్రత దగ్గర అత్తయ్య మహా మొండి. మందునీళ్లలో కాళ్లు ముంచకపోతే అల్లుడైనా సరే గడప దాటనిచ్చేవారు కాదు. చచ్చిన కోడిపిల్ల ఒక్క నిమిషం కూడా షెడ్డులో ఉండకూడదు. ఓసారి డంపులతో డిస్కు నిండి కంప్యూటరు ఆగిపోతే, అమ్మినవాళ్లు ఆ ఫైళ్లు తుడిచే కమాండు ఫోన్లో చెప్పారట. అంతే, అదీ షెడ్డు నియమాల్లో చేరిపోయింది. ప్రోగ్రాం కూలిందా, దాన్ని మళ్లీ నడిపించి, ఒక్కో అక్షరం వెతుక్కుంటూ ఆ కమాండు కొట్టి, చేతులు కడుక్కునేవారు. నిజంగానే కడుక్కునేవారు!

ఆ వేసవిలో ప్రోగ్రాం తరచూ కూలడం మొదలైంది. అది కూలితే పెట్టెల్లో వేడి తప్పుతుంది. అప్పటికే ఒక విడత గుడ్లు మురిగిపోయాయి. అమ్మినవాళ్లు ఫోనెత్తడం మానేశారు. "గీ బ్యాచ్ గూడ పోతే షెడ్డు బంద్ జేస్త బిడ్డా, ఇగ నాతోని గాదు" అన్నారు అత్తయ్య ఫోన్లో. ఎప్పుడూ గొంతు తగ్గించని మనిషి ఆ మాట చాలా మెల్లగా అన్నారు. సెలవు పెట్టి వెళ్లి కంప్యూటరు ముందు కూర్చున్నాను. వెతకడానికి ఏముంది నా మొహం! డంపులేవని అడిగితే, "ఒక్కటి గూడ లేకుంట సాఫ్ జేసిన" అన్నారు గొప్పగా. అల్లుణ్ని కదా, పళ్లు బిగబట్టి నవ్వాను.

మర్నాడు మధ్యాహ్నం, గుడ్లు ఇవాళో రేపో పగులుతాయనగా, ప్రోగ్రాం మళ్లీ కూలింది. నేను లేచేలోపే ఆవిడ కీబోర్డు దగ్గరున్నారు. "ముట్టుకోకండి!" అని అరిచేశాను. పనివాళ్లు నోళ్లు తెరిచారు.

"సచ్చినదాన్ని అట్లనే ఉంచుతవా?" అన్నారావిడ కోపంగా.

"మరి పిల్లలు వరసపెట్టి చచ్చిపోతే ఏం చేస్తారు అత్తయ్యా?"

"ఒకదాన్ని డాక్టర్ కాడికి తీస్కపోత. కోసి జూసి, ఎందుకు సచ్చిందో..." అంటూనే తెర వైపు తిరిగారు. "అయ్యో! గిదీ గంతేనా? ఇన్నొద్దులు నేనే పారబోసిన్నా?" అని నెత్తిన చెయ్యి పెట్టుకున్నారు.

ఆవిడ థర్మామీటర్లు చూస్తూ, చేత్తో స్విచ్చులు వేస్తూ ఆపుతూ పెట్టెల మధ్య పరిగెత్తుతుంటే నేను డంపు విప్పాను. చివరి పెట్టె వేడి అంకె ఉండాల్సిన చోట ఏమీ లేదు. వెళ్లి చూస్తే దాని వేడి కొలిచే తీగను ఎలుక కొరికేసింది. ఫ్యాను గాలికి ఊగినప్పుడల్లా తెగి అతుక్కుంటోంది. ఆ ఖాళీ చూసి ఏం చెయ్యాలో తోచక, పాపం, ప్రోగ్రాం ప్రాణం వదిలేస్తోంది. తీగ మార్చాం. అన్నిటికన్నా కొత్త డంపు ఒక్కటే ఉంచి, పాతవి వాటంతటవే తుడిచిపెట్టుకుపోయేలా అమర్చాను. "ఒక్కటే మరి, రెండోది కనబడొద్దు" అని షరతు పెట్టి ఒప్పుకున్నారు.

మర్నాడు పొద్దున పెట్టె తలుపు తీస్తే షెడ్డంతా కిచకిచలు. అత్తయ్య ఏడుస్తూ నవ్వుతూ ఇంకా తడి ఆరని పిల్లనొకదాన్ని నా అరచేతిలో పెట్టి, "పట్టుకో బిడ్డా" అన్నారు. ఆ తర్వాత ఎన్ని విడతలు పొదిగించారో! చివరికి తనకు ఓపిక తగ్గినప్పుడు, తన ఇష్టంతోనే షెడ్డు మూశారు. అక్కడిప్పుడు విల్లాలు లేచాయి. ఆ పిల్ల నా చేతిలో ఉన్నది క్షణమే. ఆ వెచ్చదనం చల్లారడానికి మాత్రం ఇన్నేళ్లూ చాల్లేదు.