ఆయనకు నేను నేర్పిన కొరియా మాటలు

మా ఆయన మిలిటరీ నుంచి సెలవు మీద ఆళ్లగడ్డకు వచ్చింది యాభై మూడు ఆగస్టులో. మాకు పెళ్ళయి ఏడాది దాటింది గానీ, ఇద్దరం ఒక ఇంట్లో ఉన్నది బహు తక్కువ. ఆయన ఎదురుగా లేనప్పుడు ముఖం గుర్తు తెచ్చుకోవాలంటే నాకు కష్టంగా ఉండేది.

నేను నంద్యాల పిల్లను. మా నాయన అక్కడ మిషన్ బడిలో చదువు చెప్పేవాడు. నన్నూ టీచరు ట్రైనింగు చదివించాడు. పెళ్ళయినాక ఆళ్లగడ్డలో మా పేట బడిలోనే పని దొరికింది. అత్త, నేను, ఒక బర్రె. ఆ ఇంట్లో ఉండేది అంతే.

ఆయన చెప్పిన వార్త విని అత్త గడప మీదే కూలబడింది. కొరియాకు పోతున్నాడు.

"యుద్ధం ఐపోయింది మా. కొట్లాడేకి కాదు మేం పోయేది. ఆడ చిక్కిన ఖైదీలుండారు. వాళ్ళలో ఎవరు సొంతూరికి పోతారో, ఎవరు పోరో తేలేదాకా కాపలా కాయాల. అంతే."

"సొంతూరికి పోనని ఎవరన్నా అంటార్రా?" అంది అత్త.

ఆయన సంచిలోంచి ఒక కాగితం తీసి నా చేతికిచ్చాడు. కొరియా మాటలు ఇంగ్లీషు అక్షరాల్లో అచ్చువేసి ఉన్నాయి, పక్కన ఇంగ్లీషులో అర్థం. ఒక వైపు కాపలావాళ్ళు చెప్పాల్సినవి: ఆగు, కూర్చో, చేతులెత్తు. రెండో వైపు ఆపద వస్తే ఖైదీలు అరిచే మాటలు: నీళ్ళు, నిప్పు, నొప్పి, డాక్టరు, కాపాడండి. ఆయనకు తెలుగు చదవడం వచ్చు, హిందీ మాట్లాడటం వచ్చు. ఇంగ్లీషు రాదు.

"టీచరమ్మవు గదా, నేర్పీ. పోయేలోగా నోటికి రావాలంట," అన్నాడు.

ఆ మాట ఆయన సిగ్గుపడుతూ అన్నాడు. పెళ్ళయినాక నన్ను ఆయన ఏదైనా అడగడం అదే మొదలు. బడి వదలగానే నేను ఉరుకులతో ఇంటికి వచ్చేదాన్ని. వసారాలో నాపబండ మీద ఎదురెదురుగా కూర్చునేవాళ్ళం. బడిలో పిల్లలకు చెప్పినట్టే చెప్పాను. కొత్త మాటను తెలిసిన మాటకు ముడివేస్తే మరిచిపోరు. నీళ్ళను వాళ్ళు 'మూల్' అంటారు. "మూలనుండే కడవను తలుచుకో," అన్నాను. నిప్పంటుకుంటే 'పురియా' అని అరుస్తారు. "వడ్లు నింపిన గడ్డి పురి అంటుకున్నాదనుకో." నొప్పి అనడానికి 'అపాయో'. దానికి నేను చెప్పాల్సిన పని లేకపోయింది. "అపాయమే గదా!" అని ఆయనే అన్నాడు, బడిలో మార్కులొచ్చిన పిల్లోడి లాగా.

చిక్కొచ్చింది ఒక్క మాటతోనే. ప్రాణం కాపాడండి అనడానికి పొడుగాటి మాట. ఎన్నిసార్లు చెప్పినా ఆయన నోరు తిరగలేదు. చివరికి నేనే దాన్ని మన తెలుగులోకి వంచాను. మా వైపు మజ్జిగను సల్ల అంటారు. "సల్ల ఇయ్యో, చూసెయ్యో. అట్ల అను. సల్లియ్యో చూసెయ్యో."

ఆయన రెండుసార్లు అనుకుని పగలబడి నవ్వాడు. ఆయన అట్లా నవ్వగలడని నాకు అప్పుడే తెలిసింది. లోపల కవ్వం ఆడిస్తున్న అత్త బయటికి వచ్చి, "ఏందిరా, సల్ల గావాల్నా?" అని అడిగింది. ఇద్దరం కడుపు పట్టుకున్నాం.

"ఏం బాసనో యేమో! సావు మాటలన్నీ నేర్చుకుంటాండారు, నగుతాండారు," అని గొణుక్కుంటూ పోయింది.

ఆ పూట నుంచి ఆయన అన్నం దగ్గర కూర్చుంటే చాలు, చెంబు చాపి "సల్లియ్యో చూసెయ్యో" అనేవాడు. అత్తకు కూడా ఆ మాట వచ్చేసింది. మా సంసారం మొత్తంలో సంతోషంగా ఉన్న దినాలు ఏవి అని ఎవరైనా అడిగితే నేను చూపించేవి ఆ ఆగస్టు దినాలే. వాటిని కూడా ఆయన నాకు మిగల్చలేదు.

ఆయనను రైలెక్కించడానికి నేను నంద్యాల దాకా పోయాను. స్టేషనులో బండి వచ్చేలోగా ఆ మాటలన్నీ మళ్ళీ అడిగాను. ఒక్కటి తప్పలేదు. పక్కన జొన్న మూటల మీద కూర్చున్న రైతు ఒకాయన మమ్మల్ని వింతగా చూశాడు. నాకు గర్వంగా ఉండింది. మా ఆయన పెద్దగా చదువుకోలేదని మా నాయన పెళ్ళికి ముందు కొంచెం వెనకాడాడు. నా దగ్గర చదువుకున్నాడు చూడు అని నంద్యాలలో అందరికీ చెప్పుకున్నాను.

మళ్ళీ ఎండాకాలం మొదలయ్యేటప్పటికి వచ్చాడు. చిక్కిపోయి, నల్లబడి వచ్చాడు. ప్రయాణం బడలిక అనుకున్నాం. అడిగినదానికి జవాబు చెప్పేవాడు, అడగనిది చెప్పేవాడు కాదు. మంచు పడిందా అంటే పడింది అనేవాడు. వాళ్ళ తిండి ఎట్లుంటుంది అంటే ఏమో అనేవాడు.

మా పేటలో సముద్రం దాటి పోయొచ్చిన మనిషి ఆయనొక్కడే. ఆదివారం ఆరాధన అయినాక పాదిరి ఆయనను ముందుకు పిలిచాడు.

"దేవుడు నిన్ను క్షేమంగా తెచ్చినాడు నాయనా. సాక్ష్యం చెప్పు. ఆ దేశపోళ్ళ మాట కూడా రెండు ముక్కలు చెప్పు, సంఘమంతా వింటుంది."

ఆయన లేచి నిలబడ్డాడు. "మర్చిపోయినా," అన్నాడు.

ఆడవాళ్ళ వైపు నుంచి ఎవరో, "ఆయప్ప మరిచిపోతే టీచరమ్మకు వచ్చు గదా!" అన్నారు. నాకు నలుగురిలో మాట్లాడటం అలవాటే. ఆయన సిగ్గుపడుతున్నాడు, నేను ఆదుకోవాలి అనుకున్నాను. లేచి మూల్ చెప్పాను, పురియా చెప్పాను, అపాయో చెప్పాను. ఒక్కొక్కదానికీ అర్థం చెబుతుంటే పిల్లలు నా వెంట పలికారు. చివర్న సల్లియ్యో చూసెయ్యో చెప్పి, మా ఇంట్లో సల్ల కథ కూడా చెప్పాను. గుడి గుడంతా నవ్వింది. పాదిరి కళ్ళద్దాలు తీసి కళ్ళు తుడుచుకున్నాడు.

తిరిగి చూస్తే మా ఆయన లేడు.

ఇంటికి పోతే వసారాలో గోడకు ఆనుకుని కూర్చున్నాడు. "ఇంగ ఆ మాటలు ఈ ఇంట్లో వద్దు," అన్నాడు. ఎందుకని అడిగాను. లేచి బర్రెకు గడ్డి వేయడానికి పోయాడు. నేనేదో తలవంపులు తెచ్చానని అత్త రెండు దినాలు నాతో మాట్లాడలేదు. ఆయన ఆ తర్వాత ఎన్నడూ సల్ల ముట్టలేదు. అత్త కొడుక్కని మీగడతో సహా తీసిపెట్టిన సల్ల సాయంత్రానికి పక్కింటోళ్ళకు పోయేది.

మిలిటరీ గడువు అయిపోయాక నంద్యాలలో ఒక పత్తి మిల్లులో ఆయనకు గేటు కాపలా పని దొరికింది. నేను బడి మార్పించుకుని పోయాను. కొడుకు పుట్టాడు. ఇల్లు బాగానే నడిచింది. నన్ను కొట్టలేదు, తిట్టలేదు, తాగలేదు. ఒకే గదిలో ఉంటూ ఎవరింట్లోనో ఉన్నట్టు ఉండేవాడు. నేనేం చేశాను, నేనేం చేశాను అని నాలో నేనే వెతుక్కునేదాన్ని. మా అమ్మతో చెప్పుకుంటే, "మిలిటరీ మొగోళ్ళు అట్లనే ఉంటారు లే," అనేది.

కొడుక్కు మూడేళ్ళు దాటిన ఎండాకాలం, మా బడి దగ్గర బోద గడ్డి కప్పిన కొట్టాలు కాలిపోయాయి. మంచానున్న ముసలమ్మ ఒకామె బయటికి రాలేకపోయింది. ఆ తర్వాత బడిలో పిల్లలకు జాగ్రత్తలు నేర్పమని హెడ్మాస్టరు చెప్పాడు. నిప్పు చూస్తే ఏమని అరవాలి, ఎట్లా పరుగెత్తాలి, నీళ్ళు ఎక్కడుంటాయి. అదే పాఠం ఇంట్లో నా కొడుక్కు కూడా చెప్పాను. వాడు ఒక మధ్యాహ్నం వాకిట్లో నిలబడి, "నిప్పూ! నిప్పూ! రాండీ! కాపాడండీ!" అని కేకలు పెడుతున్నాడు. ఆయన మిల్లు నుంచి అప్పుడే వచ్చాడు.

"ఆపురా!" అని అరిచాడు. వాడు బెదిరి నా కొంగు పట్టుకున్నాడు.

"పిల్లోనికి ఏం నేర్పిస్తాండావు?"

"ఆపద వస్తే ఏమనాలనో నేర్పిస్తాండా. తప్పేముంది?"

"అరిసేది నేర్పిస్తాండావు. అది ఇనేటోనికి ఏం నేర్పిస్తావు?"

నాకు అర్థం కాలేదు. ఎన్నేళ్ళుగానో మింగిన కోపం బయటికి వచ్చింది. "నీ నోట్లో ఏముండాదో కక్కు. నాలుగేండ్లుగా సస్తాండా నీతో," అన్నాను.

ఆయన నన్ను చూడకుండా, గుమ్మం వైపు చూస్తూ చెప్పాడు.

"మధ్యాన్నం పూట. ఎండ ఉండాది గానీ చలి. ముండ్లతీగెకు ఈ పక్క నేను, నా తోడు ఒక పంజాబీ. లోపల గుడారాల కాడ వాళ్ళల్లో వాళ్ళే ఒకన్ని పట్టుకున్యారు. సొంతూరికి పోరాదని పట్టుబట్టిన గుంపులో ఉండి, ఇంటికి పోతానన్యాడంట వాడు. అదే వాని తప్పు. ఈడ్చుకోని పోతాంటే మా వైపు తిరిగి అరిసినాడు." గుమ్మం చెక్క పట్టుకున్నాడు. "సల్లియ్యో చూసెయ్యో అని."

నేను కొడుకు చెవులు మూశాను. ఎందుకో తెలీదు.

"నవ్వొచ్చింది మే నాకు. ముందు సల్లే గుర్తొచ్చింది. మాయమ్మ కవ్వం పట్టుకోని బయటికి రావడం గుర్తొచ్చింది. నవ్వినా. వాడు సూసినాడు, నేను నవ్వేది."

"తర్వాత?"

"తర్వాత తెలిసొచ్చింది. హవల్దారు కాడికి ఉరికినా. పైనోళ్ళు చెప్పందే గేటు తీసేకి లేదన్యాడు. వాళ్ళొచ్చి తీసేతలికి అరుపు లేదు. వాన్ని బయటికి మోసినోళ్ళలో నేనొకన్ని."

అప్పుడు నన్ను చూశాడు. "నువ్వు నేర్పకపోయింటే నాకది ఒట్టి అరుపు. ఆ పంజాబీకేం తెలుసు? ఆ పొద్దు కడుపునిండా తిన్యాడు."

ఆయన పడ్డ బాధకు నాకు జాలి కలగలేదా అంటే, కలిగింది. కానీ దాని వెనకే ఒళ్ళు మండింది. గేటు తీయనివాడు ఉన్నాడు. తీయొద్దని చెప్పినవాళ్ళు ఉన్నారు. ఈడ్చుకుపోయినవాళ్ళు ఉన్నారు. వాళ్ళందరినీ వదిలేసి, ఆళ్లగడ్డలో వసారాలో కూర్చుని పాఠం చెప్పిన నా మీద పెట్టాడు ఆ చావును. నేను దగ్గరున్నాను, ఎదురు తిరగను, అందుకని.

"ఆ కాగితం నీ చేతికిచ్చినోళ్ళను అడుగు," అన్నాను. "వాళ్ళు ఎట్ల అరుస్తారో రాసిచ్చినారు గదా. అరిస్తే నువ్వేం చేయాలనో యాడన్నా రాసినారా? నేను రెండు వైపులా చదివినా. లేదు."

"వాళ్ళు యాడుండారు నాకు?" అన్నాడు.

"అందుకని నేను దొరికినానా?"

ఆయన చొక్కా వేసుకుని మళ్ళీ మిల్లుకే పోయాడు. ఆ పూట ఆయన వంతు కూడా కాదు.

నేను బడి మళ్ళీ ఆళ్లగడ్డకే మార్పించుకున్నాను. అత్తకు చేతకావడం లేదని సాకు. నిజమే, ఆమెకు మోకాళ్ళు పట్టేశాయి. ఆయన నంద్యాలలో మిల్లు పక్క గదిలో ఉండిపోయి, ఆదివారాలు వచ్చిపోయేవాడు. కొడుక్కు బొరుగులో, జామకాయలో తెచ్చేవాడు. వాడు ఆయన మోకాళ్ళ మీద కూర్చునేవాడు గానీ, ఆయన వెళ్ళిపోతుంటే ఏడ్చేవాడు కాదు. అది చూసి ఇరుగుపొరుగు నన్నే అనేవాళ్ళు. చదువుకున్న ఆడది మొగున్ని దూరం పెట్టింది అని. చెప్పుకోవడానికి నాకేమీ లేదు. ఆయన చెప్పింది ఇంకొకరికి చెప్పే హక్కు నాకు లేదనుకున్నాను.

బడిలో మాత్రం ఆ పాఠం మానలేదు. ప్రతి ఎండాకాలం పిల్లలను వరసలో నిలబెట్టి, గొంతు చించుకుని అరవమనేదాన్ని. మెల్లగా అరిచినవాళ్ళను మళ్ళీ అరిపించేదాన్ని. ఇక్కడ అరిస్తే ఎవరొస్తారో నాకేం తెలుసు. అయినా అరిపించాను.

అరవై సంవత్సరంలో ఒక సోమవారం తెల్లవారాక, ఆయనతో పాటు నేనూ బస్సుల దగ్గరికి నడిచాను. కొడుకు నా చెయ్యి పట్టుకుని ఉన్నాడు. చాగలమర్రి నుంచి వచ్చే బస్సు ఆలస్యమైంది. చాలా దినాలుగా అడగాలనుకున్నది అప్పుడు అడిగాను.

"ఒకటి చెప్పు. నేను ఆ మాట నేర్పలేదనుకో. వాన్ని ఈడ్చుకుపోతాండారు, వాడు మీ వైపు తిరిగి అరిసినాడు. వాని మొగం చూస్తే నీకు తెలిసేది కాదా?"

ఆయన రోడ్డు వైపే చూస్తున్నాడు. సంచిని ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకున్నాడు.

"తెలిసేది," అన్నాడు.

"మరి?"

"ఆ పంజాబీకి కూడా తెలిసింది. ఆ పొద్దు వాడు కూడా తినలేదు."

అంటే నాతో అప్పుడు అబద్ధం చెప్పాడు. ఎందుకు చెప్పావని అడగబోయాను. బస్సు వచ్చింది. ఆయన కొడుకు తల నిమిరి ఎక్కి, కిటికీ పక్కన కాకుండా అవతలి వరసలో కూర్చున్నాడు. కండక్టరు తలుపు వేశాడు.

వాదన నేను గెలిచాను. ఇన్నేళ్ళూ కావాలనుకున్న మాట, తప్పు నా పాఠానిది కాదని, ఆయన నోటితోనే వచ్చింది. క్షమించమని అడిగుంటే ఏమయ్యేదో, ఆయన అడగలేదు. దుమ్ము అణిగినాక కొడుకును నడిపించుకుంటూ బడికి పోయాను. ప్రార్థన అప్పటికే అయిపోయింది. ఆలస్యమెందుకైందని హెడ్మాస్టరు అడిగితే, బస్సు లేటైంది సార్ అన్నాను.