గేటు లేని క్రాసింగ్ దగ్గర పాలవ్యాను

హాల్వర్ ట్వైట్ ఎవరినీ ఒక పట్టాన నమ్మేవాడు కాదు. అది పుట్టుకతో వచ్చిన బుద్ధి కాదు, ఉద్యోగం అంటించిన బుద్ధి. అమెరికాలోని మినసోటా రాష్ట్రంలో నోర్‌డాల్ అనే చిన్న ఊరి వెన్న ఫ్యాక్టరీలో, రైతులు తెచ్చిన ప్రతి క్యాను మూతా తీసి, మీగడ పులిసిందా, పాలల్లో నీళ్లు కలిశాయా అని తేల్చడమే అతని పని. ఆదివారం చర్చిలో పక్కన నిలబడి పాడినవాడి క్యానును సోమవారం మొహమాటం లేకుండా వెనక్కి పంపేవాడు. రైతులు అతనికి ‘ముక్కు’ అని పేరు పెట్టారు. ఉద్యోగం మానేశాక కూడా ఆ ముక్కుకు విశ్రాంతి దొరకలేదు. భార్య పోసిన కాఫీని సైతం ఒకసారి వాసన చూశాకే తాగేవాడు.

“ఇన్నేళ్లు కాపురం చేశాక విషం పెడతాననుకుంటున్నావా?” అనేది బోర్గిల్డ్.

“అలవాటు,” అనేవాడు.

ఖాళీగా కూర్చోలేక ఇంటి కింద నేలమాళిగలో, ఆమె బీట్‌రూట్ ఊరగాయల సీసాల పక్కనే, బొమ్మ రైలు కట్టడం మొదలుపెట్టాడు. నోర్‌డాల్ దాకా వచ్చి ఆగిపోయే చిన్న లైను ఒకటి ఒకప్పుడు ఉండేది. రైల్వేవాళ్లు దాన్ని మూసేసి పట్టాలు పీక్కుపోయారు. ఇప్పుడా దారిలో మొక్కజొన్న పండుతోంది. ఆ లైనునే హాల్వర్ చెక్కబల్లల మీద మళ్లీ వేశాడు. జానెడు ఇంజను, దాని వెనక నాలుగు పెట్టెలు, స్టేషను, ధాన్యం గోదాము, తన వెన్న ఫ్యాక్టరీ.

కొట్టు నుంచి తెచ్చిన బొమ్మల తళతళ అతనికి గిట్టేది కాదు. గిన్నెలు తోమే ఉక్కు పీచును వెనిగర్లో నానబెట్టి ఆ నీళ్లు పూస్తే కొత్త చెక్క కూడా ఏళ్ల తరబడి వానకు తడిసినట్టు బూడిదరంగుకు తిరిగేది. సుద్దముక్కలు గీకి తుప్పురంగు పొడి చేసి పెట్టెలకు అద్దేవాడు. స్టేషను కప్పు ఒక మూల కుంగిపోయినట్టు కావాలని వంచాడు. పొలాల్లో ఎండిన పూలకాడలు ఏరుకొచ్చి, రంగు వేసి, పట్టాల పక్కన పొదలుగా నాటాడు.

“ఇల్లు అద్దంలా ఉంచమని నన్ను సతాయిస్తావు. కింద మాత్రం కొత్తవాటిని కూర్చోబెట్టి కుళ్లబెడతావు,” అని బోర్గిల్డ్ నవ్వేది.

ప్రతి గురువారం ఆర్విడ్ స్కోగెన్ వచ్చేవాడు. అదే లైను మీద పట్టాల మరమ్మతు ముఠాలో పనిచేసి ముసలివాడైన మనిషి. స్టూలు మీద కూర్చుని, రైలు తిరుగుతుంటే చూసి, కాఫీ తాగి వెళ్లేవాడు. ఏమడిగినా “ఊ” అనడమే.

వెన్న ఫ్యాక్టరీకి వెళ్లే మట్టిరోడ్డు పట్టాలను దాటే చోట హాల్వర్ ఒక పాలవ్యానును నిలబెట్టాడు. దాని వెనక క్యాన్లు. రైలు వెళ్లేదాకా ఆగినట్టు ముందు చక్రాలు పట్టాలకు ఆనీ ఆనకుండా ఉంటాయి. చూడటానికి అందంగా ఉందని మురిసిపోయాడు. ఒకరోజు దిగి చూస్తే వ్యాను అక్కడ లేదు. వెనకాల ఉన్న బొమ్మ రైతు ఇంటి వాకిట్లో ఉంది. మళ్లీ క్రాసింగ్ దగ్గరికి తెచ్చాడు. మరుసటి వారానికి అది మళ్లీ వాకిట్లోకి చేరింది.

“నువ్వేమైనా దుమ్ము దులిపావా?” అని బోర్గిల్డ్‌ను నిలదీశాడు.

“నీ బొమ్మల్ని ముట్టుకుంటే వేలిముద్రలు వెతుకుతావు. నాకెందుకొచ్చిన గొడవ?”

ఇక మిగిలింది ఆర్విడ్. హాల్వర్‌లో పాత బుద్ధి నిద్రలేచింది. ఎంతవరకు కనిపెడతానో చూద్దామని ముందు ఒకటి జరిపి, ఆనక మెల్లగా ఎత్తుకుపోయే ఎత్తు కాదు కదా? అతను వెళ్లిన వెంటనే బొమ్మలు లెక్కపెట్టుకోవడం మొదలుపెట్టాడు. బియ్యపు గింజంత పాలక్యాన్లు రెండు తగ్గాయి. ఆర్విడ్ కుడిచెయ్యి ఎప్పుడూ కోటు జేబులోనే ఉంటుందని కూడా అప్పుడే గమనించాడు.

మరుసటి గురువారం ఆర్విడ్ రాకముందే తుప్పురంగు పొడిని వ్యాను మీద దట్టంగా చల్లి, అతను వచ్చాక కాఫీ తెస్తానని పైకి వెళ్లాడు. మెట్ల మీద ఆగి చెవి ఒగ్గాడు. కింద స్టూలు కిర్రుమంది. తిరిగొచ్చి కప్పు అందించాడు. తెల్లటి కప్పు మీద ఎర్రమట్టి రంగు బొటనవేలు ముద్ర పడింది.

“వేలు చూపించవోయ్,” అన్నాడు హాల్వర్.

“ఏం వేలు?”

“నా వ్యానుతో నీకేం పని? క్యాన్లు కూడా రెండు పోయాయి. ఆ జేబొకసారి తిరగెయ్.”

ఆర్విడ్ కప్పు కింద పెట్టి జేబు బయటికి లాగాడు. చేతిరుమాలు, పైపు, పుదీనా బిళ్ల.

“చాలా? బూట్లు కూడా విప్పమంటావా?” అన్నాడు. “సరే, ఇప్పుడు నేనొకటి అడుగుతా. ఆ వ్యాను అక్కడెందుకు పెట్టావు?”

“బాగుంటుందని.”

“మరి ఆ పొద?”

“ఏ పొద?”

“రోడ్డు మీదున్నవాడికి రైలు కనబడకుండా ఏపుగా నాటావే, అది.”

బిస్కట్ల పళ్లెంతో మెట్లు దిగుతున్న బోర్గిల్డ్‌కు ముందు అర్థమైంది. “సెల్మర్,” అంది నెమ్మదిగా.

సెల్మర్ ఆర్విడ్ తమ్ముడు. చాలా ఏళ్ల కిందట ఒక ఆగస్టు ఉదయం ఫ్యాక్టరీకి పాలు తెస్తూ, సరిగ్గా ఆ క్రాసింగ్‌లోనే రైలు గుద్ది చనిపోయాడు. పట్టాల పక్కన పొద పెరిగి రైలు కనబడలేదన్నారు. పొదలు నరకడం మరమ్మతు ముఠా పని. శవపేటిక ముందు ఆర్విడ్‌ను ఎవరూ ఒక్క మాట అనలేదు. నోర్‌డాల్‌లో ఏమీ అనకపోవడం కూడా ఒక రకం అనడమే.

“ఊరంతా మనసులో అనుకున్నది నువ్వు బొమ్మ చేసి చూపిస్తున్నావనుకున్నా,” అన్నాడు ఆర్విడ్. “వారం వారం పిలిచి, కాఫీ పోసి, ఎదురుగా కూర్చోబెట్టి, ఇదిగో నీ పొద, ఇదిగో నీ తమ్ముడు అని.”

“అలా అనుకుంటూనే వచ్చావా?”

“ఎప్పుడు నోరు విప్పుతావో చూద్దామని. నువ్వు విప్పలేదు. పోనీ వాణ్ణి కాసేపు ఇంటి దగ్గరైనా ఉంచుదామని వెనక్కి జరిపేవాణ్ణి.”

“ఒట్టు, ఆర్విడ్. నాకసలు తట్టలేదు.”

“నీకా? పాలల్లో చుక్క నీళ్లు పడితే పట్టేసేవాడివి, నీకు తట్టలేదా?”

ఆర్విడ్ టోపీ పెట్టుకుని వెళ్లిపోయాడు. ఆ శీతాకాలమంతా స్టూలు ఖాళీగా ఉంది. ఒకరోజు బట్టలు ఉతుకుతూ బోర్గిల్డ్ హాల్వర్ స్వెట్టరు చేతికి అంటుకున్న రెండు గింజలు పీకి అతని ముందు పెట్టింది. పాలక్యాన్లు.

“ఇదిగో నీ దొంగ. వెళ్లి ఆయనకు చెప్పు,” అంది.

హాల్వర్ ముందు కిందికి వెళ్లి చిమటాతో ఆ పొదను పీకేశాడు. జిగురు మరక మిగిలింది. తరవాత ఆర్విడ్ గుమ్మం ముందు నిలబడి చాలాసేపు మంచు గురించే మాట్లాడాడు. చివరికి, “క్యాన్లు నా స్వెట్టరుకే అంటుకుని ఉన్నాయి. పొద కూడా పీకేశాను,” అన్నాడు.

“పీకమని నిన్నెవడడిగాడు?” అంటూ ఆర్విడ్ కోటు తొడుక్కుని వెంట వచ్చాడు. బోసిగా ఉన్న క్రాసింగ్‌ను వంగి చూశాడు.

“ఇది అబద్ధం. పొద ఉండేది. రైల్వేవాళ్లు మా ముఠాలో మనుషుల్ని సగానికి తగ్గించేశారు. ఆ వేసవి ఇటువైపు రానే లేకపోయాం. ఉన్నది ఉన్నట్టు పెట్టు.”

“వ్యాను?”

“వ్యాను వాకిట్లోనే ఉంటుంది.”

హాల్వర్ పొదను తిరిగి నాటాడు. “ఇంకా ఎత్తుండాలి,” అన్నాడు ఆర్విడ్. హాల్వర్ ఇంకో కాడ చేర్చాడు.

గురువారాలు మళ్లీ మొదలయ్యాయి. కానీ ఆర్విడ్ అతన్ని పూర్తిగా నమ్మాడని చెప్పలేం. రైలు క్రాసింగ్ దగ్గరికి వస్తుంటే ఒక్కోసారి దాన్ని వదిలేసి హాల్వర్ ముఖం వంక ఓరగా చూసేవాడు. హాల్వర్ అది గమనించి, అతని కప్పులో ఇంకాస్త కాఫీ పోసేవాడు.

“ఇక్కడ కూత వెయ్యాలి,” అన్నాడు ఒకసారి ఆర్విడ్.

ఇంజనుకు కూత లేదు. హాల్వర్ కాస్త సిగ్గుపడి, గొంతు సవరించుకుని, క్రాసింగ్ ముందు రైళ్లు వేసే కూతను నోటితోనే వేశాడు. రెండు పొడుగు, ఒకటి పొట్టి, ఆఖరిది మళ్లీ పొడుగు. రైలు రోడ్డు దాటేదాకా ఆపలేదు.