పక్కింటి ప్యారలల్ ఫోన్

నాకు తెలుసు... నేను నోరు తెరవకముందే మీరు నవ్వుతారు. చిరాగ్‌పల్లి దగ్గర హైవే మీద పులి అడ్డమొస్తే హారన్ కొట్టి పంపించానని చెప్పింది నేనే. రాయికోడ్‌లో ఒక అల్లం కొమ్ము మేకపిల్లంత ఊరిందని చెప్పిందీ నేనే. సరే, పులి అబద్ధం. అల్లం సంగతి తర్వాత మాట్లాడుకుందాం. కానీ ఇది మాత్రం జరిగింది. మా ఇంట్లో... నా చెవితో విన్నాను. ఒట్టు దేని మీద పెట్టమంటారు? మా ఇంటి మోడెం మీద పెడతాను. నేను చెప్పేది అబద్ధమైతే అది ఇప్పుడే పేలిపోవాలి. అది పేలిపోతే నాకన్నా సంతోషించేవాడు జహీరాబాద్‌లో ఉండడు. అయినా ఒట్టు పెడుతున్నానంటే మీరే ఆలోచించండి.

పోయిన వానాకాలం. గురువారం. వారం గుర్తుపెట్టుకోండి.

మా అమ్మాయి మౌనిక బట్టల డిజైన్ నేర్పే కాలేజీలో సీటుకు దరఖాస్తు పెట్టుకుంది. తను కుట్టినవన్నీ చూపిస్తూ వీడియో తీసి పంపాలి. దానికి ఆ రాత్రి పన్నెండే ఆఖరు. దాటితే మళ్ళీ ఏడాది దాకా ఆగాల్సిందే. అంతకుముందు ఏడాది సరిగ్గా ఆఖరు తేదీకే టైఫాయిడ్ వచ్చి తప్పిపోయింది. ఈసారి కూడా తప్పితే, పిల్లను ఇంకా ఎన్నాళ్ళు కూర్చోబెడతావని, న్యాల్‌కల్ సంబంధం మాట్లాడడానికి మా అక్క కాళ్ళకు చెప్పులేసుకుని తయారుగా ఉంది.

ఆ రోజు మధ్యాహ్నం నుంచి వాన. చీకటి పడేసరికి కరెంటు పోయింది. దాని వెనకే సెల్ టవర్ కూడా పడుకుంది. ఫోన్లో ఒక్క గీత లేదు. మేడ ఎక్కి గొడుగు పట్టుకుని చేయి పైకెత్తి నిలబడ్డాను... లేదు. వీడియో పెన్‌డ్రైవ్‌లో వేసుకుని, ప్లాస్టిక్ కవర్లో చుట్టి, బండి తీసి బజారంతా తిరిగాను. అన్ని నెట్ సెంటర్లూ షట్టర్లు దించేశాయి. తడిసి ముద్దై తిరిగొచ్చాను.

ఇక మిగిలింది మా ల్యాండ్‌లైన్. రాగి తీగ మీద వచ్చే నెట్టు. ఇన్వర్టర్ మీద మోడెం వెలుగుతోంది. మౌనిక వీడియో ఎక్కించడం మొదలుపెట్టింది. తెర మీద ఒక నీలం గీత... అది కుడివైపుకి నిండాలి. అది నిండడం లేదండీ. కాలు విరిగిన చీమలా ఒక అడుగు వేస్తుంది. ఆగుతుంది. చివరికి ఎర్ర అక్షరాలొస్తాయి. మళ్ళీ మొదటి నుంచి.

"ఊరంత ఫైబర్ ఏపిచ్చుకున్నరు," అంది నా భార్య సుజాత, తల తుడుచుకోమని తువ్వాల నా మొహాన విసిరి. "గల్లీల మనమే మిగిలినం. మా నాయిన నంబర్, మా నాయిన నంబర్ అనుకుంట ఆ తీగెను పట్టుకొని ఏలాడు."

"జర ఆగవే. వస్తది."

"ఎప్పుడు? పిల్ల పెండ్లి అయినంకనా?"

మౌనిక తెరకేసి చూస్తూ గోరు కొరుక్కుంటోంది. అది నన్ను తిట్టినా బాగుండేది.

నాకు తెలిసిన వైద్యమంతా చేశాను. మోడెం ఆపి పెట్టాను. తీగ పీకి, ఊది, మళ్ళీ గుచ్చాను. కొస నల్లబడిందని బ్లేడుతో గీకాను. స్ప్లిటర్ అని చిన్న తెల్ల డబ్బా ఉంటుంది... ఫోన్ మాటనూ నెట్టునూ విడదీస్తుంది. దాన్ని మార్చి కొత్తది పెట్టాను. ఆకుపచ్చ దీపం వెలుగుతుంది... కొట్టుకుంటుంది... ఆరిపోతుంది. నాకు ఒళ్ళు మండిపోయింది. మోడెం నెత్తిన ఒక్కటి మొట్టాను. దీపం వెలిగింది! మౌనిక నవ్వింది. ఆరిపోయింది.

కస్టమర్ కేర్‌కి ఫోన్ చేశాను. ల్యాండ్‌లైన్ నుంచే. పాట వచ్చింది. ఒకటి నొక్కండి అంది, నొక్కాను. మళ్ళీ పాట. రెండు నొక్కమంది. పాట వింటూ నేను సగం ముసలివాడినయ్యాక ఒక అమ్మాయి పలికింది. కోస్తా యాస.

"చెప్పండి సార్, మోడెం ఒకసారి ఆపి ఆన్ చేశారాండి?"

"చేసిన తల్లీ. వాన్ని నిద్రపోనిస్తలేను, మెలకువగ ఉండనిస్తలేను."

"ఒక్క నిమిషం లైన్లో ఉండండి సార్... మీ లైన్ మీద ఇంకో ఫోన్ ఉందాండి? స్ప్లిటర్ పెట్టకుండా వేరే గదిలో ఏమన్నా కలిపారా? అలా ఉంటే నెట్టు నెమ్మదిస్తుందండి."

"లేదమ్మా. ఇల్లు మొత్తానికి ఇదొక్కటే ఫోను."

"ఉందండి. ఎవరో ఎత్తి పట్టుకున్నారు. ఇద్దరి చప్పుడూ కలిసిపోయి మీ మాట సరిగా వినిపించట్లేదు. ఒకసారి ఆయన్ని పెట్టేయమనండి."

"ఎవరిని?"

"పెద్దాయన్నండి. దగ్గుతున్నారు కదా?"

నేను సుజాతను చూశాను. మౌనికను చూశాను. మా ఇంట్లో మగాణ్ణి నేనొక్కణ్ణే. నేను దగ్గలేదు.

"అమ్మా... ఏమన్నవ్?" అన్నాను.

లైన్ తెగిపోయింది.

ఇక్కడ కాస్త ఆగండి. ఒక పాత సంగతి చెప్పకపోతే మీకు అర్థం కాదు. మా నాన్న ఫోన్ పెట్టించినప్పుడు గల్లీ మొత్తానికి అదే ఫోను. పక్కింట్లో మహబూబ్ చాచా టైలరింగ్ దుకాణం. మా హాలుకీ ఆయన దుకాణానికీ మధ్య ఒకటే గోడ. నాన్న ఆ గోడకు చూరు కింద రంధ్రం కొట్టించి, మా లైన్ నుంచే చాచాకు ప్యారలల్ ఫోన్ ఇప్పించాడు. రింగైతే రెండిళ్ళలోనూ మోగుతుంది. ఇద్దరూ ఎత్తుతారు. మరి ఫోన్ ఎవరికొచ్చిందో ఎలా తెలియాలి? దానికొక పద్ధతి ఉండేది. ఎవరికొస్తే వాళ్ళు ఫోన్ మీది మీటను రెండుసార్లు నొక్కాలి. టక్... టక్. అంటే, 'నువ్వు పెట్టెయ్, ఇది నాకు' అని. రెండోవాడు మారు మాట్లాడకుండా పెట్టేయాలి. మా నాన్న ఎంత కోపిష్టి అయినా ఆ మాట తప్పలేదు.

చాచాకు గురువారం రాత్రి ఫోన్ వచ్చేది. కూతురు షాహీన్‌ను బీదర్ ఇచ్చాడు. గురువారం దర్గాకు పోయి, ఎస్టీడీ రేటు తగ్గాక ఆ అమ్మాయి చేసేది. ఆ రాత్రి చాచా దుకాణం మూయకుండా, మిషన్ తొక్కుతూ కూర్చునేవాడు. చాచా పోయాక షాహీన్ ఇంటికి తాళం వేసుకుని వెళ్ళిపోయింది. చాలా ఏళ్ళైంది. గోడ రంధ్రం నేనే సిమెంటు పెట్టి పూడ్చాను.

సరే... ఆ రాత్రికి వద్దాం.

మళ్ళీ కస్టమర్ కేర్‌కి చేద్దామని రిసీవర్ ఎత్తాను. డయల్ టోన్ లేదు. గరగర కూడా లేదు. బయట అంత వాన... ఫోన్లో మాత్రం పొడిగా ఉంది. ఎలా చెప్పాలి... ఒక గది లోపల ఉండే నిశ్శబ్దం.

చెవికి ఇంకా గట్టిగా ఆనించాను.

దూరంగా...

కటకటకట... కటకటకట...

మిషన్. కుట్టు మిషన్. కాలితో తొక్కేది. కాసేపు నడుస్తుంది... ఆగుతుంది. గుడ్డ తిప్పుకున్నంత సేపు. మళ్ళీ నడుస్తుంది.

"మౌనికా, నీ మిషన్ నడుస్తుందా?" అన్నాను.

"నాది కరెంటు మిషన్ గద బాపు. కరెంటు యాడుంది?"

మిషన్ ఆగింది.

ఎవరో ఊపిరి తీసుకున్నారు. దగ్గరగా... నా చెవిలోనే తీసుకున్నట్టు. రిసీవర్ కింద పెట్టాలని ఉంది. చేయి రావడం లేదు.

అప్పుడు...

టక్.

.

.

టక్.

నిజం చెప్పనా? నా చేయి తనంతట తనే కిందికి దిగింది. చిన్నప్పటి అలవాటు. 'పెట్టెయ్, ఇది నాకు' అన్నారు. పెట్టేయాలి. రిసీవర్ ఇంకో జానెడు దిగితే పెట్టేసేవాడినే.

అంతలో వెనక నుంచి మౌనిక, "మల్ల ఎర్రగొచ్చింది బాపు," అంది. ఏడుపు గొంతుతో కాదు. ఇక అయిపోయిందన్న గొంతుతో. ల్యాప్‌టాప్ మూయబోతోంది.

భయం ఎటు పోయిందో ఏమో... సాయంత్రం నుంచి మండుతున్నదంతా ఒక్కసారి నోట్లోకి వచ్చింది. రిసీవర్ మళ్ళీ చెవికి పెట్టుకుని అరిచాను.

"చాచా! నువ్వే అయితే జర ఇను! మా మౌనిక నీ చేతుల సూదికి దారం ఎక్కియ్య నేర్చుకున్న పిల్ల! దాని బతుకు గీ తీగె మీద ఆగి ఉన్నది! నీ బిడ్డ ఫోన్ రేపన్న వస్తది, నా బిడ్డకు గీ రాత్రి పోతే మల్ల లేదు! పెట్టెయ్ చాచా! దండం పెడత, పెట్టెయ్!"

సుజాత చేతిలోని టార్చిని నా మొహం మీద వేసింది. పిచ్చెక్కిందేమోనని.

ఫోన్లో ఏమీ లేదు. చాలాసేపు. తర్వాత ఒక దగ్గు. చిన్నది... మొహమాటపడినట్టు.

క్లిక్.

రిసీవర్ పెట్టేసిన చప్పుడు. మెల్లగా, పక్కన ఎవరో పడుకుని ఉంటే లేవకూడదన్నట్టు పెట్టారు. ఆ వెంటనే డయల్ టోన్ వచ్చింది.

మోడెం దీపం వెలిగింది. ఈసారి కొట్టుకోలేదు. ఆకుపచ్చగా, నిబ్బరంగా నిలబడింది.

"బాపూ!" అని కేక పెట్టింది మౌనిక. "ఉరుకుతుంది బాపూ! సూడు, ఉరుకుతుంది!"

నీలం గీత పరుగెత్తుతోంది. మా ఇంట్లో నెట్టు అంత వేగంగా పోవడం అంతకుముందు చూడలేదు, ఆ తర్వాతా చూడలేదు. పన్నెండు కాకముందే వీడియో చేరిపోయింది. తల్లీకూతుళ్ళు కావలించుకున్నారు. నేను గోడ పక్కన కూర్చుండిపోయాను. ఆ గోడ పక్కనే... కానీ వీపు ఆనించలేదు.

తెల్లారి లైన్‌మన్ నర్సింలు వచ్చాడు. నిచ్చెనేసుకుని చూరు కింద చూశాడు.

"గిదేందన్నా, పాత ప్యారలల్ తీగె? కొస కోసి ఇడిచిపెట్టిన్రు. దాంట్లకు వాన నీళ్ళు దిగుతే నెట్టు పండుకోదా మరి?"

"మరి రాత్రి మంచిగెట్లయింది? వాన తగ్గనే లేదు గద."

"అయ్యింది గద? మంచిగైనదానికి సుత కంప్లైంట్ రాస్తవా?" అని నిచ్చెన దిగి పోయాడు.

తీగ కొస చూశాను. పక్కింటి దాకా కూడా లేదు. జానెడు ఉంది, అంతే. దానికి అవతల ఏమీ లేదు.

అయినా మనసు ఊరుకోలేదు. సెల్ టవర్ లేచాక బీదర్‌కు ఫోన్ చేశాను. షాహీన్‌తో రాత్రి సంగతి ఏమీ చెప్పలేదు. దీని మీద కూడా ఒట్టు. ఇంట్లో ఆ పాత ఫోన్ ఇంకా ఉందా, ఉంటే తీగ తీసేయిస్తాను అని మాత్రమే అన్నాను.

"ఫోన్ ఆడ లేదు శంకర్ భాయ్," అంది. "అబ్బాజాన్ పోయినప్పుడే నేను తెచ్చుకున్న. ఈడ్నే, నా అల్మారా మీద ఉంటది. తీగె లేదు, ఏం లేదు, ఊకె యాదికి పెట్టుకున్న."

"అట్లనా... మంచిది షాహీన్."

"గమ్మత్తు సూడు భాయ్, నువ్వు గీయాల్నే అడుగుతున్నవ్. రాత్రి సూస్తే రిసీవర్ తీసి పక్కకు పెట్టి ఉన్నది. పిల్లలు గుంజిన్రో ఏమో. నేనే మల్ల పెట్టేసిన."

"రాత్రా?" అన్నాను.

"ఆ. నవ్వకు భాయ్... పెట్టే ముందుగాల ఊకె చెవికి పెట్టుకున్న. అబ్బాజాన్ యాదికొచ్చి. లోపల వాన చప్పుడు ఇనొచ్చింది."

"మీ దిక్కు సుత గట్టిగనే పడ్డట్టుంది వాన."

"లేదు భాయ్. ఈడ చినుకు పడలే."

వానతో పాటు ఇంకేమన్నా వినపడిందా అని అడగాలి నేను. ఎవరైనా అరిచినట్టు... పెట్టెయ్, పెట్టెయ్ అని. అడగలేదు. ఇంత మాట్లాడే నాకు ఆ ఒక్క మాట నోట్లోంచి రాలేదు.

మౌనికకు సీటు వచ్చింది. వెళ్ళిపోయింది. ఆ వాన రాత్రి గడిచిన మర్నాడే సుజాత పట్టుబట్టి ఫైబర్ వేయించింది. కానీ ల్యాండ్‌లైన్ మాత్రం నేను తీయించలేదు. ఆవిడ గొణుగుతూనే ఉంది. మౌనికకు క్లాసుల వల్ల గురువారం రాత్రే తీరుబడి. సెల్ ఉండగా ఆ పిల్ల ల్యాండ్‌లైన్‌కే చేస్తుంది, నన్ను ఆట పట్టించడానికి.

రింగవుతుంది. ఎత్తుతాను. వెంటనే మాట్లాడను. "బాపూ... బాపూ, ఇనొస్తుందా?" అని అవతల పిల్ల అరుస్తూనే ఉంటుంది. నేను ఊపిరి బిగబట్టి కాసేపు ఆగుతాను... టక్ టక్ వస్తుందేమోనని.

ఇప్పటిదాకా రాలేదు. వస్తే మాత్రం... ఈసారి పెట్టేయాలో, వద్దో... నాకు నిజంగా తెలియదు.